ఇచ్చట చెక్ ఇంజన్ లైటు ఆర్పబడును

ఇలా బోర్డు రాసి పెట్టిన షెడ్డు నాకింకా కనబడలేదు గానీ, రేపెప్పుడైనా కనబడితే ఆశ్చర్యపోను. జరుగుతున్న వ్యాపారం అదే కాబట్టి. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా ఇంజను బొమ్మ వెలగ్గానే ఎవరికైనా రావలసిన మొదటి ప్రశ్న "ఎందుకు వెలిగింది?" అని. మనవాళ్ళకి వచ్చేది "అన్నా, ఆ లైటు తీసెయ్యడానికి ఎంతవుద్ది?" అని. అన్న స్కానరు తగిలిస్తాడు, ఎరేజ్ నొక్కుతాడు, అయిదొందలు పుచ్చుకుంటాడు. లైటు పోతుంది. పది రోజులకి మళ్ళీ వస్తుంది. ఈసారి అన్న "సెన్సారు పోయింది సార్, కొత్తది వెయ్యాలి" అంటాడు. వేయిస్తాం. ఇంకో నెలకి మళ్ళీ లైటు. అప్పుడిక ఇద్దరూ కలిసి "ఈ బీఎస్6 బళ్ళన్నీ ఇంతేనండీ, పాత కార్బురేటర్ బండే నయం" అని తీర్మానం చేసుకుంటారు.

ఆ తీర్మానం మీదే నా గొడవంతా.

నా ఉద్యోగం కార్లతో కాదు. సర్వరు పడిపోతే రాత్రి రెండింటికి ఫోను మోగే బాపతు ఉద్యోగం. మా వృత్తిలో ఒక మహాపాపం ఉంది. ప్రోగ్రాములో ఎక్కడో ఎర్రర్ వస్తుంటే, కారణం పట్టుకునే ఓపిక లేక, దాన్ని ట్రై-క్యాచ్‌లో చుట్టేసి క్యాచ్ బ్లాకుని ఖాళీగా వదిలెయ్యడం. ఎర్రర్ వస్తూనే ఉంటుంది, ఎవరికీ తెలీదంతే. ఆర్నెల్ల తర్వాత ఎవరివో లెక్కలు గల్లంతయినప్పుడు బయటపడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఇలా రాస్తే సీనియర్లు ఉతికి ఆరేస్తారు. అదే సీనియరు సాయంత్రం కారెక్కి, వెలుగుతున్న దీపం మీద నల్ల టేపు ముక్క అంటించుకుని ఇంటికెళ్తాడు. (అతిశయోక్తి అనుకోకండి, మా ఆఫీసు పార్కింగులోనే చూశాను.)

అసలు ఆ దీపం కంపెనీవాడు మన మీద ప్రేమతో పెట్టింది కాదు, చట్టం పెట్టించింది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిట్లో ఓబీడీ-2 అనే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మనకి 2010 ఏప్రిల్లో మొదటి మెట్టు, 2013 ఏప్రిల్లో రెండో మెట్టు వచ్చాయి. 2020 ఏప్రిల్లో బీఎస్6తో ఇంకాస్త బిగించారు, 2023 ఏప్రిల్లో మరోసారి. దాని పని ఏంటంటే, పొగని శుభ్రం చేసే భాగాల్లో ఏది చెడినా బండి తనంతట తానే కనిపెట్టి నడిపేవాడికి చెప్పడం. అందుకే చాలాసార్లు దీపం వెలిగినా బండి మామూలుగానే పోతూ ఉంటుంది. అందుకే మనకి లెక్కా లేదు. నడుస్తోందిగా, ఇంకేం కావాలి? పొగగొట్టం మన వెనకాల ఉంటుంది. పీల్చేవాడు దాని వెనకాల స్కూటరు మీద ఉంటాడు.

ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుపెట్టుకోండి. దీపం నిలకడగా వెలగకుండా టపటపా కొట్టుకుంటుంటే పక్కకి తీసి ఆపెయ్యాలి. ఏదో సిలిండర్లో పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందని దానర్థం. ఆ పెట్రోలు వెళ్ళి వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టరులో కాలుతుంది. లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ కరిగి ముద్దయిపోతుంది. వందల్లో పోయే స్పార్క్ ప్లగ్గో, కొన్ని వేలల్లో పోయే కాయిలో మార్చుకోవాల్సినవాడు "ఇంకో పాతిక కిలోమీటర్లేగా" అనుకుని కన్వర్టరు మొత్తం పోగొట్టుకుంటాడు.

పెట్రోలు బండిలో ముఖ్య సాక్షి ఆక్సిజన్ సెన్సారు. 1976లో వోల్వో కార్లలో మొదటిసారి పెట్టారు, తయారుచేసింది బాష్. చూడ్డానికి స్పార్క్ ప్లగ్గులాగే ఉంటుంది, పొగగొట్టంలో బిగించి ఉంటుంది. లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం, దానికి రెండు పక్కలా పల్చటి ప్లాటినం పూత. ఒక పక్క బయటి గాలి తగులుతుంది, రెండో పక్క పొగ తగులుతుంది. మూడొందల డిగ్రీలు దాటి వేడెక్కాక, రెండు పక్కలా ఉన్న ఆక్సిజన్‌లో తేడాని బట్టి చిన్న వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువై పొగలో ఆక్సిజన్ మిగలకపోతే 0.9 వోల్టుల దాకా వెళ్తుంది, గాలి ఎక్కువైతే 0.1 దాకా పడిపోతుంది. 0.45 దగ్గర గీత. మన ఇళ్ళల్లో పులుసు మరుగుతుంటే గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని ఉప్పు చూస్తారే, అచ్చం అదే పద్ధతి. కంప్యూటరు ఆ చుక్క రుచి చూస్తూ పెట్రోలు కాస్త తగ్గిస్తూ, కాస్త పెంచుతూ గీతకి అటూ ఇటూ ఉయ్యాల ఊగిస్తుంది. (కొత్త బళ్ళలో ముందుండే సెన్సారు వైడ్‌బ్యాండ్ రకం. ఎక్కువా తక్కువా అనే కాకుండా ఎంత ఎక్కువో కూడా చెప్తుంది.)

ఇంత నాజూకు ఎందుకంటే, కన్వర్టరు ఒకేసారి రెండు వ్యతిరేకమైన పనులు చెయ్యాలి. కార్బన్ మోనాక్సైడుకీ, కాలని పెట్రోలుకీ ఆక్సిజన్ చేర్చాలి. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్ లాగెయ్యాలి. ఒక గ్రాము పెట్రోలుకి సుమారు 14.7 గ్రాముల గాలి అనే ఇరుకు సందులో మాత్రమే రెండూ కుదురుతాయి. ఆ సందు తప్పితే ప్లాటినం, పల్లాడియం, రోడియం వేసి చేసిన ఖరీదైన కన్వర్టరు సగం పని మానేసి కూచుంటుంది. అంటే సెన్సారు మొద్దుబారితే కన్వర్టరు ఉండీ దండగ.

కన్వర్టరు తర్వాత ఇంకో సెన్సారు ఉంటుంది. ముందుది వంటవాడైతే ఇది ఆడిటరు. కన్వర్టరు బాగుంటే దీని వోల్టేజి దాదాపు కదలకుండా ఒకచోట ఉంటుంది. ముందు సెన్సారు ఊగినట్టే ఇదీ ఊగుతోందంటే మధ్యలో కన్వర్టరు ఏమీ చెయ్యట్లేదన్నమాట. అప్పుడు పడే కోడే ప్రపంచ ప్రఖ్యాత పి0420. ఆ కోడు రాగానే మన షెడ్లలో ఏం మారుస్తారో చెప్పండి? ఆడిటర్ని! దొంగ లెక్కలు పట్టుకున్నాడని ఆడిటర్ని మార్చే కంపెనీల గురించి పేపర్లో చదివి నవ్వుకుంటాం గానీ, మన బళ్ళో చేసేది అదే.

కోడు అనేది భాగం పేరు కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా సర్వీసు సెంటర్లవాళ్ళకి కూడా ఎక్కట్లేదు. మా వృత్తిలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ 240వ లైన్లో వచ్చిందంటే తప్పు 240వ లైన్లో ఉందని ఎవరూ అనుకోరు. అక్కడ బయటపడిందంతే, తప్పు ఇంకెక్కడో జరిగింది. పి0171 కూడా అంతే. "పెట్రోలు చాలట్లేదు, గాలి ఎక్కువగా ఉంది" అంటోంది ఆ కోడు. పగిలిన రబ్బరు గొట్టం లోంచి దొంగగాలి వస్తుండొచ్చు, గాలి కొలిచే సెన్సారు మీద దుమ్ము పట్టి ఉండొచ్చు, పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు, ఆక్సిజన్ సెన్సారుకి ముందు పొగగొట్టంలో చిన్న పగులుండి బయటి గాలి లోపలికి పీలుస్తుండొచ్చు. ఈ ఆఖరు సంగతిలో సెన్సారు నిజమే చెప్తోంది, కాకపోతే దానికి తగులుతున్న గాలే కల్తీ. కంప్యూటరు దాన్ని నమ్మి పెట్రోలు గుమ్మరిస్తుంది, మైలేజీ పడిపోతుంది, మనం సెన్సారుని తిడతాం.

సెన్సార్లు చెడిపోవని కాదు. చెడతాయి. కానీ చాలా వాటిని చంపేది మనమే. ఇంజను బోనెట్ ఎత్తి ప్రెషర్ పంపుతో నీళ్ళు కొట్టే "వాటర్ సర్వీసింగ్" మీద మనకున్న మోజు ఇంతా అంతా కాదు. కనెక్టర్లలోకి నీళ్ళు పోతాయి, పచ్చటి తుప్పు పడుతుంది, అక్కణ్ణించి సెన్సారు పిచ్చి మాటలు మొదలెడుతుంది. ఇంకోటి సిలికాన్. గాస్కెట్ దగ్గర కారుతోందని చవకబారు సిలికాన్ ట్యూబు పిండి అతికిస్తారు. దాని ఆవిరి ఇంజనులోకి పోయి, కాలి, సెన్సారు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఇక ఆ సెన్సారుకి ఊపిరాడదు. సెన్సార్లకి సరిపడే రకం సిలికాన్ వేరే ఉంది, ట్యూబు మీదే రాసి ఉంటుంది, చదివేదెవరు? ఇంజనాయిలు తాగే బండయితే ఆయిల్లోని ఫాస్ఫరస్ సెన్సారునీ, కన్వర్టరునీ రెంటినీ మెల్లగా చంపుతుంది. ఎలుకల సంగతి సరేసరి. వానాకాలం అపార్టుమెంటు సెల్లార్లలో అవి కొరికే వైర్లకి లెక్కే లేదు. వైరు తెగితే కోడు సెన్సారు పేరు మీదే పడుతుంది. వైరు అతికిస్తే పోయేదానికి సెన్సారు బిల్లు వేసిన ఒక సర్వీస్ సెంటర్ని (పేరు వద్దులెండి) నేను ఎరుగుదును. పాత సెన్సారు ఇవ్వమని అడిగితే "స్క్రాపుకి వెళ్ళిపోయింది సార్" అన్నారు, రెండు గంటల్లో!

2025లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు మీద దేశమంతా రగడ జరిగింది కదా. మైలేజీ పోయిందని ఒకళ్ళు, అబ్బే ఏం పోలేదని ఇంకొకళ్ళు, వాట్సాప్‌లో యుద్ధాలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 20 శాతం కలిసిన పెట్రోలు కాలడానికి గ్రాముకి 14.7 బదులు 13.5 గ్రాముల గాలి చాలు. ఈ మార్పుని మొదట పసిగట్టేది ఆక్సిజన్ సెన్సారే. కంప్యూటరు ఆ మేరకి పెట్రోలు పెంచి, పెంచిన శాతాన్ని లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే పేరుతో రాసి పెట్టుకుంటుంది. మామూలుగా ఇది సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపల ఉంటే ఆరోగ్యం. రబ్బరు పైపుల సంగతి ఇది చెప్పదు గానీ, నా బండి అదనంగా ఎంత పోసుకుంటోంది అన్న ప్రశ్నకి జవాబు మాత్రం కచ్చితంగా అందులో ఉంది. అంత గొడవలో "మా బండి ట్రిమ్ ముందు ఇంత, తర్వాత ఇంత" అని అంకె చెప్పినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. సాక్షి బండిలోనే కూచుని ఉంటే బయట చెట్టుకింద పంచాయితీ పెట్టాం.

ఇంతవరకూ అజ్ఞానం, బద్ధకం. వాటితో నాకు పెద్ద పేచీ లేదు. అసలు పేచీ డీజిలు దగ్గర మొదలవుతుంది.

బీఎస్6 డీజిలు కారులో మసి పట్టుకునే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. దానికి ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే సెన్సారు ఉంటుంది. తేడా పెరిగితే మసి నిండిందని అర్థం. అప్పుడు కంప్యూటరు కాస్త ఎక్కువ డీజిలు పోసి, ఫిల్టరుని ఆరొందల డిగ్రీల దాకా వేడెక్కించి, మసిని కాల్చేస్తుంది. దీనికి ఆగకుండా కాసేపు ఓ మాదిరి వేగంతో పోవాలి. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, అదీ సిగ్నలు సిగ్నలుకీ ఆగుతూ వెళ్ళేవాడికి అది కుదరదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఓఆర్ఆర్ ఉంది, దీపం పడగానే ఎక్కి ఓ అరగంట ఒకే వేగంతో తిప్పితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఇది బండితో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. షోరూములో మాత్రం అమ్మేటప్పుడు ఒక్కడూ చెప్పడు. "మీరు రోజుకి ఎంత తిరుగుతారు సార్, అయితే పెట్రోలు తీసుకోండి" అని చెప్పిన సేల్స్ కుర్రాణ్ణి చూపిస్తే సన్మానం చేస్తాను.

ఆ చెప్పకపోవడం మీద ఇంకో వ్యాపారం లేచింది. డీపీఎఫ్ కోసేసి ఖాళీ గొట్టం వేస్తారు. ఈజీఆర్ వాల్వుకి రేకు అడ్డం పెడతారు. రెండూ చేస్తే సెన్సార్లు గోల చేస్తాయి కాబట్టి, ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను సాఫ్ట్‌వేరే మార్చేస్తారు. ఫలానా సెన్సారు ఏం చెప్పినా వినకు, ఫలానా కోడు ఎప్పుడూ వెయ్యకు అని. దీనికి ముద్దు పేరు రీమ్యాప్. పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, లైటు పడదు, ఇంకేం కావాలి సార్! పెట్రోలు బండికి ఇంకా చవక. వెనక సెన్సారుని పొగకి దూరంగా జరిపే చిన్న ఇనప బుష్షు ఒకటి దొరుకుతుంది, అది బిగిస్తే ఆడిటరు గారికి ఎప్పుడూ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్‌కి నోటీసిచ్చింది. స్టీరింగు ఎటు తిరిగింది, వేగం ఎంత, ఇంజను ఎంతసేపు నడిచింది, గాలి ఒత్తిడి ఎంత, ఇవన్నీ చూసి "నన్ను ఇప్పుడు పరీక్షిస్తున్నారు" అని కనిపెట్టే సాఫ్ట్‌వేరు వాళ్ళ డీజిలు కార్లలో ఉంది. పరీక్షప్పుడు బుద్ధిమంతుడు, రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా. దాన్ని మొదట పసిగట్టింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు. కొలిచే యంత్రాన్ని కారు డిక్కీలో పెట్టుకుని రోడ్డు మీద తిప్పారు, అంతే. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బళ్ళు. మన దేశంలోనూ ఆ ఏడాది డిసెంబరులో మూడు లక్షల ఇరవై వేల పైచిలుకు బళ్ళు వెనక్కి పిలిచారు. జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకి 2017లో 40 నెలల జైలు పడింది. మా వృత్తివాళ్ళు ఆ తీర్పు ఒకసారి ఫ్రేము కట్టించుకోవాలి. పైవాడు చెప్పాడు, నేను రాశాను అంటే కోర్టు ఊరుకోలేదు.

అప్పట్లో మనవాళ్ళంతా ఆ కంపెనీని ఎంత తిట్టామో నాకు గుర్తుంది. మరి ఇప్పుడు ఊరూరా రీమ్యాప్ షాపులో జరిగేది ఏంటి? అదే మోసం, చిల్లర బేరంలో. తేడా అల్లా, అక్కడ కొన్నవాడికి తెలీదు. ఇక్కడ కొన్నవాడే డబ్బులిచ్చి చేయించుకుంటున్నాడు, పైగా యూట్యూబ్‌లో పెట్టి గొప్పలు పోతున్నాడు.

"లారీలు, ఆర్టీసీ బస్సులు నల్లగా పొగ కక్కుతుంటే నా ఒక్క కారుకేనా రూల్సు?" అనే మాట ఎలాగూ వస్తుంది. కంటికి కనపడే పొగొక్కటే విషం అనుకునేవాళ్ళు అనే మాట అది. నైట్రోజన్ ఆక్సైడ్లు పొగలో పల్చగా ఉన్నప్పుడు కంటికి ఆనవు, కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. చూడగలిగేది ఆ సెన్సార్లే. దాని కళ్ళు పొడిచేసి, నాకేమీ కనపడట్లేదే అంటే ఏం చెప్పాలి?

మరి సర్కారు ఏం చేస్తోంది? పొల్యూషన్ సర్టిఫికెట్టు ఇస్తోంది.

పెట్రోలు బంకు పక్కన వ్యాను ఉంటుంది. బీఎస్4, బీఎస్6 పెట్రోలు కారుకి ఐడిల్లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఎక్స్‌లరేటరు తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర కూడా చూడాలని రూల్లో ఉంది, నేను చూసినంతలో ఎక్కడా ఎవరూ తొక్కించలేదు. డీజిలుకయితే పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు? కొలవరు. పెట్రోలుకీ కొలవరు, డీజిలుకీ కొలవరు. ఏ విషం కోసం ఈజీఆర్ పెట్టారో, ఎస్‌సీఆర్ పెట్టారో, యూరియా నీళ్ళ ట్యాంకు పెట్టారో, నోక్స్ సెన్సారు పెట్టి దాని ఖరీదు మన చేత కట్టించారో, ఆ విషం సర్టిఫికెట్టులో లేనే లేదు. కాబట్టి ఈజీఆర్ మూసేసిన బండి దర్జాగా పాసవుతుంది. చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సర్టిఫికెట్టు లేకపోతే పదివేల దాకా జరిమానా. కాయితం లేకపోతే పదివేలు, ఫిల్టరు లేకపోతే ఆ వ్యాను దగ్గర అడిగేవాడే లేడు!

ఆ కాయితం విలువ ఎంతో ఢిల్లీ మీద కాగ్ నివేదిక చెప్పింది, 2025 ఏప్రిల్లో అక్కడి అసెంబ్లీలో పెట్టారు. ఒకే సెంటరులో ఒకే సమయానికి ఒకటికి మించి బళ్ళు పరీక్షించినట్టు రికార్డులున్నాయి. పరిమితి దాటిన డీజిలు బళ్ళని పాస్ చేసిన రికార్డులున్నాయి. ఇదే ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో వాటి ఓనర్ల మీద బలవంతపు చర్యలు వద్దని మళ్ళీ చెప్పింది. బండి ఏం వదులుతోందో కొలిచే నమ్మకమైన పద్ధతి లేకపోతే పుట్టినరోజు చూసి శిక్ష వెయ్యాల్సి వస్తుంది. శ్రద్ధగా చూసుకున్న పాత బండి తుక్కులోకి, ఫిల్టరు పీకిన మూడేళ్ళ బండి రోడ్డు మీదకి.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళని అడగండి స్మాగ్ చెక్ ఎలా ఉంటుందో. 2015 నుంచి అక్కడ 2000 తర్వాతి పెట్రోలు బళ్ళకి గొట్టంలో గొట్టం పెట్టి కొలవడం మానేశారు. డాష్‌బోర్డు కింద పదహారు పిన్నుల సాకెట్టులో కేబులు పెట్టి బండినే అడుగుతారు. దీపం వెలుగుతుంటే ఫెయిలు. పొద్దున్నే షెడ్డుకెళ్ళి కోడు చెరిపించుకుని వచ్చినా ఫెయిలే, ఎందుకంటే కోడు చెరిపితే దాంతోపాటు రెడీనెస్ మానిటర్లన్నీ చెరిగిపోతాయి. అంటే "కన్వర్టరుని పరీక్షించుకున్నాను, ఆక్సిజన్ సెన్సార్లని పరీక్షించుకున్నాను" అని బండి వేసుకునే టిక్కులు. అవి మళ్ళీ పడాలంటే కొన్ని రోజులు రకరకాలుగా నడపాలి. బ్యాటరీ మార్చి మర్నాడే స్మాగ్‌కి వెళ్ళి తిరిగొచ్చిన తెలుగువాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు, వాళ్ళ తిట్లు ఇక్కడ రాయలేను :)

ఇంకా నాకు నచ్చింది 2021 జులై నుంచి అక్కడ మొదలుపెట్టినది. ఇంజను సాఫ్ట్‌వేరుకి ఒక వెర్షను పేరు, ఒక చెక్‌సమ్ ఉంటాయి, అవీ ఆ కేబులులోంచే వస్తాయి. కంపెనీ ఇచ్చిన దాంతో అది సరిపోలకపోతే, అనుమతి ఉన్న మార్పు కాకపోతే, ఫెయిలు. రీమ్యాప్ దొరికిపోయింది! పదిమంది ఇన్‌స్పెక్టర్లు బండి కిందికి దూరి చెయ్యాల్సిన పని ఒక చెక్‌సమ్ చేసింది. మేం డౌన్‌లోడ్ చేసిన ప్రతి ఫైలుకీ చేసేది ఇదే.

కంపెనీలని వదిలేస్తున్నానని అనుకోకండి. ఇన్ని సెన్సార్లు పెట్టి, వాటన్నిటి గోడూ ఒకే ఒక్క పసుపు బొమ్మలో కుక్కింది వాళ్ళే. పెట్రోలు మూత సరిగా బిగించకపోయినా కొన్ని బళ్ళలో అదే దీపం, కన్వర్టరు చచ్చినా అదే దీపం. పాతిక సెంటీమీటర్ల టచ్ స్క్రీను పెట్టి అందులో పాటలు, సన్‌రూఫ్, రంగురంగుల లైట్లు అన్నీ చూపిస్తారు. ఆ కోడు నెంబరూ, పక్కన రెండు ముక్కల్లో దాని అర్థమూ చూపించడానికి మాత్రం చెయ్యి రాదు. చూపిస్తే మనం సర్వీస్ సెంటర్లో కౌంటరు దగ్గర కాస్త తెలివిగా మాట్లాడతామని భయం కాబోలు. ఇంతోటిదానికి మనం ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ డాంగిల్ కొనుక్కుని, ఫోన్లో యాప్ వేసుకోవాలి. కొనుక్కోండి. కోడు ఏంటో, అది పడినప్పుడు వేగం, వేడి ఎంతెంత ఉన్నాయో (ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు) ఫోటో తీసుకుని అప్పుడు మెకానిక్కు దగ్గరికి వెళ్ళండి. చెరపనివ్వకండి. మంచి మెకానిక్కయితే అది చూసి సంతోషిస్తాడు, చెరిపేస్తే పోయేది అతనికి కావలసిన సాక్ష్యమే. కారణం సరిచేస్తే, వరసగా మూడు ట్రిప్పుల్లో తప్పు మళ్ళీ కనపడకపోతే దీపం దానంతటదే ఆరిపోతుంది. ఎవడూ నొక్కక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకయితే ఇది మరీ అవసరం. తాళం తిప్పి ఇంజను స్టార్టు చెయ్యకముందు ఆ పసుపు బొమ్మ వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. ముందే వెలగలేదంటే దాని నోరు ఎవరో నొక్కారు. ఆ తర్వాత డాంగిల్ పెట్టి "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అనే అంకె చూడండి, చాలా బళ్ళలో వస్తుంది. మా ఆఫీసులో ఒకాయన బీఎస్6 డీజిలు ఎస్‌యూవీ చూడ్డానికి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. అద్దంలా ఉంది బండి. "ఒక్క రోజు కూడా షెడ్డు మొహం చూడలేదండీ" అన్నాడు అమ్మేవాడు. ఆ అంకె 6 కిలోమీటర్లు చూపించింది. మానిటర్లు ఒక్కటీ పూర్తవలేదు. పక్కవీధి దాకా వెళ్ళొచ్చేసరికి 8 అయింది. "నిన్న బ్యాటరీ మార్చామండీ" అన్నాడు. బ్యాటరీ మీద తేదీ స్టిక్కరు రెండేళ్ళ కిందటిది. కింద వంగి చూస్తే ఫిల్టరు ఉండాల్సినచోట కొత్త వెల్డింగు మచ్చలు. పధ్నాలుగు లక్షలు చెప్పాడు. ఆ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్టు మాత్రం ఉంది, ఇంకో ఏడు నెలలు చెల్లుతుంది.

కేబులు పరీక్ష మన దగ్గర కుదరదు, అక్కడా లంచాలే అంటారా? కావచ్చు. కానీ గొట్టం సగం పెట్టి సగం బయటే ఉంచితే అంకె ఎలా వచ్చిందో ఇవాళ ఎవరికీ తెలిసే దారి లేదు. కేబులులోంచి బండి ఛాసిస్ నెంబరు, సాఫ్ట్‌వేరు చెక్‌సమ్, మానిటర్ల స్థితి అన్నీ కలిసి ఒకేసారి వస్తాయి. ఒకే బండికి కేబులు పెట్టి పది సర్టిఫికెట్లు ఇస్తే పదింటిలోనూ అదే ఛాసిస్ నెంబరు కనపడుతుంది. పది లైన్ల స్క్రిప్టు చాలు పట్టుకోడానికి. కావాలంటే నేనే రాసిస్తాను, ఊరికే. వ్యానులో కంప్యూటరు ఇప్పటికే ఉంది, ప్రింటరు ఉంది, నెంబరు ప్లేటు ఫోటో తీసే కెమేరా ఉంది. సాకెట్టు 2013 నుంచీ బండిలో ఉంది. లేనిదల్లా మధ్యలో మూడడుగుల వైరు.